రేకు పెట్టె మీద యూనివర్సిటీ చరిత్ర

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అంటుంది. తల నెరిసినవాళ్ల నోటనే ఆ మాట అందంగా ఉంటుందట. కానీ నేను ఎం.ఏ.లో చేరిన సంవత్సరం తలుచుకుంటే అదంతా ఇంకెవరికో జరిగినట్టే ఉంటుంది. ఆ రోజుల్లో నేను మాట్లాడేదాన్ని కాదు. మూగదాన్నని కాదు, ఇంట్లో అమ్మతోనూ, పడుకోబోయే ముందు డైరీతోనూ బాగానే మాట్లాడేదాన్ని. బయటివాళ్లు ఏమడిగినా తల ఊపేదాన్ని, అంతే. నిలువుగా ఊపితే అవునని, అడ్డంగా ఊపితే కాదని లోకం అనుకుంటుంది. నాకు అడ్డంగా ఊపడం రాదు. కండక్టర్ "ఈసీఐఎల్ పోవాల్నా?" అంటే ఊపేదాన్ని. (నేను పోవాల్సింది మల్కాజ్‌గిరి. అలా చాలా కాలనీలు చూశాను.) మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ నాకు కాండక్ట్ సర్టిఫికెట్ ఇస్తూ "నువ్వు మా కాలేజీయేనా అమ్మా?" అని అడిగాడు. నేను తల ఊపాక, ప్రవర్తన అత్యుత్తమం అని రాసి సంతకం పెట్టాడు.

సీటు వచ్చింది మా నగరంలోని ఒక పెద్ద యూనివర్సిటీలో. పేరు చెప్పను, అంత పెద్దదాని పేరు ఇంత చిన్నదాని నోట ఎందుకు. ప్రవేశం కోరేవారికి వాళ్లు ఇచ్చే పుస్తకంలో మొదటి సగమంతా చరిత్రే. దూరదృష్టి గలవారు కలగన్నారు, మహనీయులు పునాదిరాయి వేశారు, ఆపైన వచ్చిన ప్రతి వైస్ చాన్సలర్ దాన్ని నూతన శిఖరాలకు మోసుకెళ్లాడు. ఇన్ని శిఖరాలెక్కిన చోట ఆడపిల్లల బాత్‌రూమ్ ఎక్కడుందో మాత్రం ఆ పుస్తకంలో లేదు. (చేరాక తెలిసింది. ఉంది, తాళం వేసి ఉంది.) చివర్లో చీమల బారులాంటి అక్షరాలతో ప్రవేశ నియమాలు. నేను చదివిన డిగ్రీ కాలేజీ ఆ యూనివర్సిటీ కిందిదే. అంటే వాళ్లు పెట్టిన పరీక్ష రాసి, వాళ్లు ముద్రించిన మెమోలు పట్టుకుని వెళ్లి, నేను వాళ్ల విద్యార్థినేనని వాళ్లకే రుజువు చేయాలన్నమాట. అన్నీ ఒరిజినల్సే తేవాలి, అవి చదువు పూర్తయ్యేదాకా వాళ్ల దగ్గరే ఉంటాయి. (నమ్మకం లేనిచోట తాకట్టు అడగడం లోకంలో ఉన్నదే.) ఆఖరి రోజు సాయంత్రం ఐదింటిలోపు స్వయంగా వచ్చి చూపించకపోతే సీటు తరవాతివాళ్లకు పోతుంది.

నాన్నకి రెజిమెంటల్ బజార్‌లో రేకు పెట్టెల దుకాణం. ఎక్కువగా ఫౌజీలే, అంటే మిలిటరీవాళ్లే కొంటారు. బేరం తెగకపోతే నాన్న చెప్పులు విడిచి పెట్టె మీదికెక్కి నిలబడి, "చూడు సాబ్, వంగిందా?" అంటాడు. ఆయన దృష్టిలో ప్రపంచంలోని వస్తువులన్నీ రెండే రకాలు, మనిషి నిలబడితే వంగేవి, వంగనివి. నా ఎం.ఏ. మొదటి రకంలోకి వచ్చింది. "కథల పుస్తకాలు సదువనీకి మళ్ల రెండేండ్లా? సరే బిడ్డా, ఈ ఒక్కసారి చూస్త. సీటు తప్పిందనుకో, గల్లా కాడ కూసో, పుస్తకాలు ఆడనే సదువుకో," అన్నాడు. గల్లా దగ్గర కూర్చోవడమంటే రోజంతా మనుషులతో మాట్లాడటం. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఒక్కదాన్నే వెళ్తానంటే నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ ఫైల్లో కాదు, పెట్టెలో తీసుకెళ్లాలి. చిన్న పెట్టే గానీ ఉత్త ఇనుము, పచ్చ రంగు, పెద్ద తాళం. "వాన పడ్డా, లారీ ఎక్కినా నీ సదువుకేం గాదు," అన్నాడు. తల ఊపాను.

సికింద్రాబాద్‌లో బస్సు మారి, ఒళ్లో పెట్టెతో (పక్కావిడ "ఏ యూనిట్ అమ్మా, కొత్తగ చేరినవా?" అంటే దానికీ ఊపి) నేను యూనివర్సిటీ గేటు చేరేసరికి ఆఖరి రోజు మధ్యాహ్నం దాటింది. గేటుకి ఇటో టెంటు, అటో టెంటు. రెండు విద్యార్థి సంఘాలు కొత్తవాళ్లకి సాయం చేయడానికి పోటీ పడుతున్నాయి. ఇటు టెంటులోంచి మెడలో కండువాతో ఒక అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "చెల్లె, అడ్మిషనా?" ఊపాను. "మనోళ్లేనా?" ఎవరోళ్లో తెలియకపోయినా ఊపాను. "గింత బరువేంది తల్లీ, ఈడ పెట్టు. నీళ్లు తాగు. అన్న జెరసేపు మాట్లాడ్తడు, అయిపోంగనే నేనే కౌంటర్ కాడికి తోల్కపోత." పెట్టె వేదిక పక్కన పెట్టించి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

అన్న అంటే ఆ సంఘం నాయకుడు. ఎప్పుడు చూసినా చేతిలో మైకే కాబట్టి నేను మనసులో మైకన్న అని పేరు పెట్టుకున్నాను. అప్పుడెప్పుడో ఎం.ఏ.లో చేరి ఇంకా పూర్తి చేయనివాడు. ఆయన యూనివర్సిటీ చరిత్ర మొదలుపెట్టాడు. పుస్తకంలోని చరిత్ర అంతా అబద్ధమట. దీన్ని మహనీయులు కట్టలేదు, సంఘం కట్టింది. ఆవరణలోని వేపచెట్టు కింద మొదటి సమ్మె చేసింది తామేనట. అదే సమయానికి అవతలి టెంటు మైకులో ఆ చెట్టు కిందే మొదటి సమ్మె చేసింది తామేనని ఇంకో గొంతు చెబుతోంది. (పుస్తకంలో ఆ చెట్టును ఒక వైస్ చాన్సలర్ నాటాడని ఉంది. చెట్టు ఏమంటుందో ఎవరూ అడగలేదు.) అవతలివాళ్లు మైకు సౌండ్ పెంచారు. మైకన్న గొంతు పెంచాడు. అదీ చాలక, అవతలివాళ్లకి కనబడేలా ఎత్తు కావాలని చుట్టూ చూసి, నా పెట్టెను వేదిక మధ్యకు లాగించి, బూట్లతోనే దాని మీదికెక్కి నిలబడ్డాడు.

వంగలేదు. ఆ కంగారులోనూ నాన్న గుర్తొచ్చి ఒక్క క్షణం గర్వపడ్డాను. తరవాత నా పరిస్థితి అర్థమైంది. నా టీసీ, మెమోలు, అత్యుత్తమ ప్రవర్తన, అన్నీ మైకన్న కాళ్ల కింద ఉన్నాయి. ఆయన దిగాలంటే చరిత్ర అయిపోవాలి. చరిత్ర ఇంకా హాస్టల్ పునాదుల దగ్గరే ఉంది. మూడున్నరకి మెస్ బిల్లుల పోరాటానికి వచ్చింది. నాలుగింటికి ఒక ముఖ్యమంత్రి రాజీనామా చేశాడు, సంఘం వల్లే. నాలుగున్నరకి మళ్లీ వేపచెట్టు దగ్గరికి వెళ్లింది. ఇక ఆగలేక లేచి, కండువా అక్క దగ్గరికెళ్లి చెవిలో, "అక్కా, నా పెట్టె..." అన్నాను. "ఆఁ?" అంది. "నా సర్టిఫికెట్లు..." అన్నాను. రెండు లౌడ్‌స్పీకర్ల నడుమ అదెవరికి వినబడాలి? పెదవులు కదలడం మాత్రం కనబడింది. "అన్నా, చెల్లె మాట్లాడ్తదంట!" అని అరిచి, రెండో మైకు నా చేతిలో పెట్టింది. "భయపడకు, చెప్పు!"

అంతమంది నన్నే చూస్తున్నారు. గల్లా కళ్లముందు కనబడింది. కళ్లు మూసుకుని, ఇంట్లో మాట్లాడే మాటలోనే అనేశాను. "నా సర్టిఫికెట్లు నాకియ్యాలె."

మైకులో ఏది వినబడినా దానికి బదులు పలకడం టెంటులో కూర్చున్నవాళ్లకి అలవాటు. "ఇయ్యాలె! ఇయ్యాలె!" అని అంతా ఒక్కసారి పిడికిళ్లెత్తారు. మైకన్న క్షణం కూడా ఆలోచించలేదు. "ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే..." "ఇయ్యాలె!" ఇంత మంచి నినాదం ఇటువాళ్లకి దక్కితే తమ పరువేం కావాలని అవతలి టెంటు కూడా అందుకుంది. వేపచెట్టు పుట్టినప్పటినుంచి ఆ రెండు టెంట్లూ ఒకే మాట అనడం అదే మొదటిసారేమో. "చలో అడ్మిషన్ ఆఫీస్!" అంటూ మైకన్న పెట్టె మీదినుంచి దూకాడు.

దూకాడు! నేను పెట్టె అందుకుని, దాన్ని గుండెకి హత్తుకుని, ఆఫీసు వైపు పరుగెత్తాను. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది. నేను నా సీటు కోసం పరుగెత్తుతున్నాను, నా వెనక రెండు సంఘాలు నినాదాలిస్తూ పరుగెత్తుతున్నాయి. కౌంటర్లోంచి చూసేవాళ్లకి ఏం కనబడి ఉంటుందో నాకు తరవాత అర్థమైంది. చేతిలో ఇనప పెట్టెతో ఒక పిల్ల, దాని వెనక ఊరంత జనం. క్లర్కు దడాల్న షట్టర్ దించేశాడు.

నా చదువు అక్కడే ఆగిపోయిందనుకున్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు షట్టర్ సగం లేచి, టై కట్టుకున్న పెద్ద అధికారి ఒకాయన వంగి బయటికొచ్చాడు. అందరికంటే ముందున్నది నేనే కాబట్టి నన్నే అడిగాడు. "ఏమ్మా, ఒరిజినల్స్ చూసి వెంటనే వాపసు ఇవ్వాలి, అంతేనా?" ఊపాను. "జిరాక్సులు మాత్రమే మేం ఉంచుకోవాలి?" ఊపాను. "ఇయ్యాళ కౌంటర్ బంద్ అయింది గాబట్టి గడువు గూడ పెంచాలంటారా?" దీనికి మాత్రం మెడ విరిగేలా ఊపాను. "లేకుంటే ఈడనే కూసుంటరు?" అలవాటు కొద్దీ దానికీ ఊపాను. ఆయన లోపలికి తిరిగి ఎవరితోనో అన్నాడు, "చూస్తే మెత్తగ ఉన్నది గానీ ఒక్క మెట్టు దిగుతలేదయ్యా." కాసేపటికి మైకులో ప్రకటించారు. ఆ ఏడాదినుంచి ఒరిజినల్స్ వాపసు. గడువు మర్నాటి దాకా. జనం మైకన్నని భుజాల మీదికెత్తుకున్నారు. నన్నెవరూ చూడలేదు, దేవుడి దయ.

ఇంటికెళ్లి జరిగిందంతా చెబితే అమ్మ నోరు తెరిచి విన్నది. నాన్న పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగాడు. "గంటన్నర నిలబడ్డడా? బూట్లతోని?" మూత మీద రెండు చిన్న సొట్టలు పడ్డాయి. సుత్తితో సరిచేస్తానన్నాడు. జీవితంలో మొదటిసారి తల అడ్డంగా ఊపాను. మర్నాడు చేరిపోయాను. దుకాణంలో మాత్రం ఇప్పటికీ, "యూనివర్సిటీ లీడర్ ఎక్కి లెక్చర్ గొట్టిన మాల్ సాబ్ ఇది!" అనే మాట మీదే బేరాలు తెగుతున్నాయి.

ఇప్పుడు అక్కడే పరిశోధన చేస్తున్నాను. మొన్న అడ్మిషన్ల రోజుల్లో గేటు దగ్గరినుంచి పోతుంటే, అదే టెంటులో ఒక కొత్త తమ్ముడు కొత్త పిల్లలకి చరిత్ర చెబుతున్నాడు. సర్టిఫికెట్ల పోరాటం దాకా వచ్చాడు. ఆ రోజు మైకన్న ఉక్కు వేదిక మీద నిలబడి గర్జించాడట, ఆఫీసు షట్టర్లు వాటంతటవే లేచాయట. అవతలి టెంటులో అదే కథ ఇంకో నాయకుడి పేరుతో నడుస్తోంది. నన్ను చూసి తమ్ముడు, "అక్కా, మీరప్పుడు ఈడనే ఉన్నరు గదా? గిట్లనే జరిగింది గదా?" అన్నాడు. తల ఊపాను. మా యూనివర్సిటీ చరిత్రలో సగం ఇలా ఊపిన తలల మీదే నిలబడి ఉంటుందని నా అనుమానం.

ఇంటికొచ్చి ఆ సొట్టల పెట్టె తెరిచి (ఇప్పుడందులో నా పాత డైరీలుంటాయి) ఆ రోజు ఏం రాశానో చూశాను. పోరాటం లేదు, సంఘాలు లేవు, సీటు సంగతి కూడా లేదు. పేజీ మధ్యలో ఒకే ఒక్క వాక్యం, దాని కింద పరీక్షలో జవాబుకి గీసినట్టు రెండు గీతలు: "ఈ రోజు మాట్లాడాను."