కేక లేని చరణం

మా అన్న కట్టిన పాటలో మూడో చరణం వచ్చేసరికి గిటారు మోగదు. మొదటిసారి విన్నవాళ్ళు తీగ తెగిందనో, వైరు ఊడిందనో అనుకుంటారు. ఒకసారి నాయుడుపేటలో కాలేజీ వార్షికోత్సవంలో మైక్‌సెట్ మనిషి నిజంగానే వేదిక మీదికి పరిగెత్తి, అన్న కాళ్ళ దగ్గర కూర్చుని వైర్లు తడిమాడు.

"లెయ్యి సామీ, అంతా బాగానే ఉండాది," అన్నాడు అన్న.

"బాగుంటే వాయించవేంది మరి?"

అన్న నవ్వాడు.

దానికి జవాబు మా ఊళ్ళో అందరికీ తెలుసు. మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. మా నాన్న అలివి వలకు కేక వేసేవాడు. ఆ వలను పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో చుట్టూ దింపుతారు. తర్వాత రెండు చివర్లా తాళ్ళు పట్టుకుని ఒడ్డుకు లాగుతారు. అందరూ ఒక్కసారే లాగకపోతే వల కదలదు. అందుకని ఒకడు కేక వేస్తాడు. ఆ కేక సాగినంతసేపు మిగిలినవాళ్ళు చేతులు ముందుకు జరిపి పట్టు మార్చుకుంటారు. తర్వాత అందరూ బదులు పలుకుతూ లాగుతారు.

ఒక ఉదయం నాన్న తాడు పట్టుకునే కూలిపోయాడు. కేక వేసేవాడు పోతే మా ఊళ్ళో మర్నాటికి ఒక పద్ధతి ఉంది. ఆ రోజు అతని చోట ఎవరూ కేక వెయ్యరు. కేక పట్టేంతసేపు ఊరుకుని, బదులు మాత్రం పలికి లాగుతారు. నాన్న పోయిన మర్నాడు అన్న కూడా తాడు పట్టాడు. అప్పుడతను కాలేజీలో చేరిన కొత్త.

పాటకు మూలం ఆ మర్నాటి ఉదయమే. అయితే పాట కట్టడానికి ఏళ్ళు పట్టింది. ముందు అన్న నాయుడుపేటలో మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు పెట్టాడు. ఎవరో వదిలించుకున్న గిటారు కొన్నాడు. అదే వీధిలో దర్జీ పని చేసే ముస్లిం స్నేహితుడు డ్రమ్స్ వాయించేవాడు. బేస్ వాయించేవాళ్ళు వస్తూ పోతూ ఉండేవారు.

పాటలో మాటలు లేవు. గిటారు బరువైన తీగ మీద ఒక చిన్న వరస కేకలా మొదలవుతుంది. దాని చివరి స్వరం నిలవదు. అన్న తీగను ముందే పక్కకు లాగి పట్టి, మీటాక మెల్లగా వదిలేవాడు. స్వరం కిందికి జారిపోయేది. నాన్న కేక కూడా అలాగే జారేది, చివర్లో ఊపిరి అందేది కాదు. వెంటనే డ్రమ్స్, బేస్ కలిసి బదులిస్తాయి. గిటారులో వినిపించే బొంగురు, కాగితం చినిగిన పాత స్పీకరు వల్ల వచ్చింది. తర్వాత కొత్త స్పీకరు కొన్నాడు గాని, గొంతు మరీ నున్నగా ఉందని మళ్ళీ పాతదే బిగించుకున్నాడు. మూడో చరణంలో గిటారు ఆగిపోతుంది. కేక పట్టేంత ఖాళీ, ఆ తర్వాత బదులు. మళ్ళీ ఖాళీ, మళ్ళీ బదులు. పాట అక్కడే అయిపోతుంది. ఈ చుట్టుపక్కల కాలేజీ బ్యాండ్లు రాక్ నేర్చుకునేటప్పుడు ముందుగా పట్టుకునేది ఇప్పటికీ ఈ పాటనే.

అమ్మ మాత్రం దాన్ని వినలేదు. అన్న ఫోనులో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మౌనం ఒక్క దినానికేరా. రెండో దినం ఇంకొకడు కేకెయ్యాల. లేకుంటే వల రాదు. నువ్వు ఊరూరా తిరిగి మీ నాయన్ని రోజూ చంపతా ఉండావు."

"అది పాటమ్మా."

"పాటైతే ముగించాల. నువ్వు ఆడే ఆపేసి దిగొస్తావంట."

"నువ్వు విన్లేదు గదా, నీకెట్టా తెలుసు?"

"ఊరంతా చెప్తా ఉంటే చెవుల్లో సీసం పోసుకోమంటావా?"

కిడ్నీలు పాడయ్యాక, డయాలసిస్ కోసం నన్ను తోడు తీసుకుని నెల్లూరు పోయే బస్సులో అన్న ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడినప్పుడు మాత్రం ఈ సంగతే ఎత్తేవాడు. "అమ్మ ఒక్కసారి కూర్చోని వింటే చాలు. బాగలేదన్నా పర్లేదు," అనేవాడు. ఆ కోరిక తీరకుండానే మొన్న వానాకాలంలో పోయాడు.

అన్న కర్మల దినం నాడు డ్రమ్స్ ఆయన ఆటోలో డ్రమ్ములు వేసుకుని వచ్చాడు. షామియానా కింద అమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఒకసారి వాయించి పోతాను. వద్దంటే బండి తిప్పుకుంటా."

అమ్మ డ్రమ్ముల వైపు చూసింది. "కేక ఎవురేస్తారు?"

"ఎవురూ ఎయ్యరు. వాడు లేడు గదా."

"అట్టాంటే వాడు పోయిన మర్నాడే రావాల అబ్బయా."

"ఆ పొద్దు చేతులు లేవలేదమ్మా."

అమ్మ తల దించుకుంది. "సరే, కూర్చో," అంది.

ఆయన పాటను మొదటి నుంచీ గిటారు లేకుండానే వాయించాడు. గిటారు ఉండాల్సిన ప్రతి చోటా ఖాళీ వదిలి, బదులు మాత్రం ఇచ్చాడు. రెండోసారికే తడబడ్డాడు. ఖాళీ పూర్తి కాకముందే కొట్టేశాడు. గిటారు ఆగే మూడో చరణంలో కూడా అన్న వేదిక మీద పాదంతో తాళం వేసేవాడు. ఆయన దాన్ని చూసుకుని వాయించేవాడు. ఇప్పుడు చూడడానికి ఏమీ లేదు. ఇంకోసారి తొందరపడి, పుల్లలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు అమ్మ, తల ఎత్తకుండానే, చాప మీద అరచెయ్యి ఆనించి ముందుకు జరిపింది. తాడు మీద పట్టు మార్చుకునేవాళ్ళ చెయ్యి జరిగినట్టే జరిగింది. అది ఆగిన చోట వేళ్ళు మూసింది. ఆయన సరిగ్గా అప్పుడు కొట్టాడు. చెయ్యి మళ్ళీ జరిగింది. చివరి దాకా ఆయన ఆ చెయ్యినే చూస్తూ వాయించాడు. పాట ఆగే చోట చెయ్యి కూడా ఆగింది.

"ఇంక వాయించబాక," అంది అమ్మ.

"కాలేజీ పిల్లకాయలు వాయిస్తారమ్మా."

"వాళ్ళ ఇష్టం. నువ్వు వాయించబాక."

"అట్నేమ్మా."

డ్రమ్ములు ఆటోలోకి ఎక్కించడానికి నేను సాయం పట్టాను. "అమ్మ విన్నట్టేనా చెల్లెమ్మా?" అని అడిగాడు.

విన్నట్టే అన్నాను. ఆయన తల ఊపి ఆటో ఎక్కాడు. అమ్మ విన్న పాటలో అన్న వాయించిన స్వరం ఒక్కటి కూడా లేదు.