కప్పబండికి సగం కడియం

మా షాపులో ఒక నియమం ఉంది. ఎడమ చేత్తో ఇచ్చింది ఏదైనా సరే నేను తీసుకోను. విరిగిన షాఫ్టయినా, అరిగిన బుష్షయినా కుడిచేత్తో ఇవ్వాల్సిందే. మా నాయిన పెట్టిన లేత్ షాపు ఇది, ఆ నియమమూ ఆయనదే. ఆయన పోయాక రెండూ నాకే వచ్చాయి. ఆడమనిషి లేత్ మిషను దగ్గర ఏంటని మొదట్లో వింతగా చూసినవాళ్లు కూడా ఇప్పుడు గడప దాటేముందే చెయ్యి మార్చుకుంటారు. ఆమెకు కోపం జాస్తి అని మా బజారంతా చెప్పుకుంటారని నాకు తెలుసు. చెప్పుకోనీ, పని మాత్రం నా దగ్గరికే తెస్తారు.

మా బావ, అంటే మా అక్క భర్త, ట్రాక్టరు డ్రైవరు. మార్కెట్‌కు వడ్ల బస్తాలు వేసుకుని వచ్చే ట్రాక్టర్లలో ఆయన నడిపేది ఏదో దూరం నుంచే తెలిసేది. కుడిచెయ్యి స్టీరింగ్ మీద, ఎడమచెయ్యి ఎప్పుడూ గేరు రాడ్డు మీద. గేరు మార్చే పని లేకపోయినా అక్కడే. "రాడ్డు మీద చెయ్యి లేకపోతే బండి నాది అనిపియ్యది" అనేవాడు. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ అలాగే గోడకు జారిపోయాడు. పక్షవాతం. కాలు కొంచెం ఈడుస్తూనైనా నడక వచ్చింది గానీ, ఎడమచెయ్యి రాలేదు. హన్మకొండ దవాఖానలో డాక్టరమ్మ, "భుజం బలం వచ్చింది, మోచెయ్యి కూడా మెల్లగా వస్తది, వేళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేను. చేతికి పని చెప్తూ ఉండండి" అంది.

చేతికి ఏం పని చెప్తాడు? ఇంట్లో కూర్చుంటే అక్క కుట్టుమిషను చప్పుడు, వచ్చినవాళ్ల పరామర్శలు. అందుకని పొద్దున్నే మా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, వచ్చేపోయే బండ్లను చూస్తూ, "ఆ క్లచ్ పోయింది", "వీనికి బ్రేకులు లేవు" అని తీర్పులు చెప్పేవాడు. నవ్వించేవాడు కూడా. కానీ ఏదైనా ట్రాక్టరు వచ్చి ఆగితే మాత్రం మాట్లాడేవాడు కాదు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఏడవలేక ఆయన మీదే అరిచేదాన్ని.

అట్లాంటి రోజుల్లో ఒక కాంట్రాక్టరు లారీ మీద ఒక వింత బండి తెచ్చి మా షాపు ముందు దించాడు. ఎనిమిది లావు చక్రాలు, మధ్యలో స్నానాల తొట్టి లాంటి ఒళ్లు. నేల మీద నడుస్తుంది, నీళ్లలో దిగితే తేలుతుంది, ఆ చక్రాలే నీటిని తోసుకుంటూ ముందుకు తీసుకుపోతాయి. చెరువుల్లో నీటి మీద అల్లుకుపోయిన గుర్రపుడెక్క తీసే పని పట్టుకున్నాడట, అందుకని ఎక్కడో వాడిన బండిని కొనుక్కొచ్చాడు. మా బజారు దానికి మధ్యాహ్నానికల్లా కప్పబండి అని పేరు పెట్టేసింది.

దాని జబ్బు గేరు రాడ్డు. సీటుకు ఎడమపక్క, మోకాలి కింద, జానెడంత పొట్టిగా ఉంది. ముందుకు తోస్తే బండి ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, మధ్యలో న్యూట్రల్. కానీ రాయిలా బిగుసుకుపోయి ఉంది. కాంట్రాక్టరు రెండు చేతులతో లాగి చూపించాడు.

"నడిపెటోడు దొరుకుతలేడక్కా. దీన్ని జర మంచిగ చెయ్యి, తర్వాత డ్రైవర్ను సూస్కుంట" అన్నాడు.

స్టూలు మీంచి మా బావ లేచాడు. కాలు ఈడ్చుకుంటూ బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "నేను నడుపుత" అన్నాడు.

కాంట్రాక్టరు ఆ వేలాడే ఎడమచేతిని చూశాడు, నన్ను చూశాడు. మర్యాదస్తుడు, కాదనలేదు. "చెరువుల ఒక చుట్టు కొట్టి ఒడ్డుకు తెస్తే పని నీదే అన్నా. తేలేకపోతే మాత్రం ఏమనుకోవద్దు" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఇంకో పని మీద మనసు పోలేదు. రాడ్డును మూరెడు పొడుగు చేశాను. పొడుగైన కొద్దీ బలం తక్కువ సరిపోతుంది కదా. కింద అరిగిన బుష్షులు మార్చి, గ్రీజు పెట్టాక వెన్నలా కదిలింది. ఎక్సిలరేటర్ కుడి హ్యాండిల్ మీద బొటనవేలి దగ్గర ఉంది, అది ఆయనకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా పట్టు. వేళ్లు మూసుకోని చేత్తో రాడ్డు ఎట్లా పట్టుకుంటాడు?

పట్టుకోవద్దు, తొడుక్కోమన్నాను. రాడ్డు చివర ఇనుప కడియం ఒకటి వెల్డింగ్ చేశాను. మణికట్టు దాకా చెయ్యి అందులో దూర్చి, భుజంతో తోస్తే చాలు. భుజంలో బలం ఉంది కదా. కొలత కోసం ఆయన వేళ్లన్నీ దగ్గరకు మడిచి, గాజుల దుకాణంలో చూసినట్టే చూశాను. చెయ్యి దూరాలి, దూరాక ఊరికే జారిపోవద్దు. గాజు కొలత ఆడదానికి ఒకరు నేర్పాలా అనుకున్నాను. ఇనుము చర్మానికి తగలకుండా సైకిల్ ట్యూబు కోసి చుట్టాను.

"పెండ్లప్పుడు కూడ నాకు ఎవ్వరు కడియం పెట్టలే" అన్నాడు బావ.

"ఇప్పుడు పెట్టిన కదా, సంబురపడు."

షాపు ముందు బజారులో ముందుకూ వెనక్కూ నడిపాడు. చిన్నపిల్లలు వెంటపడ్డారు. ఆ రోజు చూడ్డానికొచ్చిన అక్క ఆయన మొహం చూసి షాపు లోపలికెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు గ్రైండర్ ఆన్ చేశాను.

ఆదివారం చెరువుకు తీసుకుపోయాం. బండి వెనకాల పొడుగాటి మోకు కట్టి రెండో కొసను ఒడ్డు మీది ట్రాక్టరుకు కట్టారు. బావకు తేలే జాకెట్టు తొడిగి ఎక్కించాం. చెయ్యి కడియంలో దూర్చి, రాడ్డు ముందుకు తోసి నీళ్లలోకి దిగాడు. అంత పెద్ద బండి మునగకుండా తేలుతుంటే ఒడ్డున ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కాస్త దూరం పోయాక బండి ఆగింది. ఇంజన్ మోగుతూనే ఉంది, చక్రాలు మాత్రం తిరగడం లేదు. బావ మళ్లీ రాడ్డు తోశాడు, కదిలింది. ఇంకాస్త పోయి మళ్లీ ఆగింది. అప్పుడు అర్థమైంది నాకు. గేరు వేశాక చెయ్యి తీసేయాలి కదా, ఆయన తియ్యడం లేదు. ట్రాక్టరు మీద ఉంచినట్టే చేతిని రాడ్డు మీదే ఉంచాడు. అప్పట్లో అది బతికున్న చెయ్యి, బరువు తెలిసేది కాదు. ఇప్పుడు చచ్చుబడిన చెయ్యి బరువంతా కడియానికి వేలాడుతుంటే, నేను వెన్నలా చేసిన రాడ్డు నిమ్మళంగా వెనక్కి జారి న్యూట్రల్‌లో పడుతోంది.

"చెయ్యి తియ్యి బావా" అని అరిచాను. ఇంజన్ మోతలో ఏం వినిపిస్తుంది? వినిపించినా లాభం లేదు. తడిసిన ట్యూబు చేతికి అతుక్కుంది, కడియం గాజులాగే పట్టేసింది. గాలి బండిని గుర్రపుడెక్కలోకి తోసింది. ఆ చిక్కు చక్రాలకు చుట్టుకుంది. ఆయన కుడిచేత్తో ఎడమచేతిని లాగుతుంటే, బండి బోల్తా పడితే చెయ్యి అందులోనే ఉండిపోతుంది కదా అన్న ఆలోచన వచ్చి ట్రాక్టరు దగ్గరికి ఉరికాను. ట్రాక్టరుతో మోకు లాగి ఒడ్డుకు తెచ్చారు.

కాంట్రాక్టరు చెడ్డమాట ఒక్కటీ అనలేదు. "ఖిలా వరంగల్ దిక్కు నుంచి ఒక పిలగాడు శుక్రవారం వస్తాండక్కా. వానితోని నడిపిచ్చుకుంట. బండి అప్పటిదాక నీ కాడనే ఉండనీ, ఆ కడియం తీసెయ్యి" అన్నాడు.

షాపుకొచ్చాక నేను ఊరుకోలేదు. భయం పోగానే నాకు కోపం వస్తుంది, అది నా పుట్టుక. "గేరు పడ్డంక చెయ్యి తియ్యాలని ఎన్నిసార్లు చెప్పిన? ఎందుకు పట్టుకున్నవ్ దాన్ని?" అని వీధికంతా వినపడేట్టు అరిచాను.

బావ స్టూలు మీద కూర్చుని, కమిలిన మణికట్టు రుద్దుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "తీసి ఒళ్లె పెట్టుకుంటె అది మళ్ల చచ్చిపోతది మరదలా. ఆ కడియంల ఉన్నంతసేపు అది కూడ పని చేస్తాందనిపిచ్చింది."

ఇన్నాళ్లూ ఆయనకు బండి కావాలనుకున్నాను. ఆయనకు కావాల్సింది చెయ్యి. పట్టుతో పనిలేని రాడ్డు తయారు చేశానని నేను మురిసిపోతుంటే, ఆయన ఆ చేతికి ఒక కొలువు దొరికిందని సంబరపడ్డాడు. నేను పెట్టిన కడియం దాన్ని పని చెయ్యనివ్వలేదు, ఊరికే వేలాడదీసింది.

గ్రైండర్ తీసుకుని కడియాన్ని మధ్యకు కోసేశాను. వెనకవైపు సగం పోయింది, ముందువైపు సగం కొడవలి వంపులా మిగిలింది. పొడుగు కూడా కొంత తగ్గించాను. కింద ఒక స్ప్రింగు, ఒక గాడి పెట్టాను, గేరు పడితే గాడిలో కూర్చుంటుంది, ఊరికే జారదు. ఇప్పుడు చెయ్యి అందులో ఆగదు. గేరు మార్చాలంటే భుజంతో చెయ్యి ఎత్తాలి, వంపులో పెట్టాలి, తొయ్యాలి, వెనక్కైతే వంపు బయటి నుంచి లాగాలి, మళ్లీ ఎత్తి తియ్యాలి.

బావ చూసి, "ప్రతిసారి ఎత్తుడు దించుడేనా?" అన్నాడు.

"అదే పని. దానికి కొలువు కావాలంటివి కదా, చెయ్యనీ."

"కుడిచేత్తో సాయం పడితే?"

"కుడిచేతికి ఎక్సిలరేటర్ ఉంది. దాని పని అది చూసుకుంటది."

శుక్రవారం దాకా బండి షాపు ముందే ఉంది, ఆయన దాని మీదే ఉన్నాడు. ఇంజన్ ఆపేసి ఎత్తుడు, దించుడు. చెయ్యి వంపు దాటిపోయేది, సీటుకు కొట్టుకునేది. చెమటలు కారేవి. ఒకసారి విసిగి నన్ను తిట్టాడు, నేనూ తిట్టాను. ఎదురుగా చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు క్రికెట్ మాటలు ఆపి ఆయన చెయ్యి సరిగ్గా పడుతుందా లేదా అని చూసేవాళ్లు. పడ్డప్పుడు ఎవరో ఒకరు "శభాష్ అన్నా" అనేవాళ్లు. అక్క కుట్టుపని వదిలేసి వచ్చి, "నువ్వేం మనిషివే, రోగంతోని ఉన్నోన్ని గట్ల సతాయిస్తానవ్" అని నన్ను కోప్పడి, మళ్లీ తనే "ఇంకొక్కసారి ఎత్తుండ్రి" అని ఆయనకు చెప్పేది.

శుక్రవారం చెరువు దగ్గర కాంట్రాక్టరును బావకు ఇంకొక్క చుట్టు ఇమ్మని అడిగాను, ఖిలా వరంగల్ పిలగాడు కూడా అక్కడికి వచ్చాడు. "పెద్దమనిషి, ముందుగాల ఆయన్నే పోనియ్యుండ్రి" అన్నాడు. బావ నీళ్లలోకి దిగాడు. చెయ్యి లేచింది, వంపులో పడింది, తోసింది, బయటకొచ్చి ఒళ్లో వాలింది. రాడ్డు కదల్లేదు. బండి గుర్రపుడెక్క అంచు దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చి, పక్కకు తిరిగి, మెల్లగా చెరువును చుట్టేసి ఒడ్డెక్కింది. కాంట్రాక్టరు ఇద్దరినీ పెట్టుకున్నాడు. ఆ పిలగాడు కొక్కెం కట్టిన కర్రతో గుర్రపుడెక్క లాగుతాడు, మా బావ నడుపుతాడు. నాకు ఎంత సంతోషమయిందంటే, ఆ వారమంతా ఎవ్వరినీ కసరలేదు.

ఇదంతా వానాకాలం మాట. చలి మొదలయ్యాక ఒక సాయంత్రం బావ పనినుంచి నేరుగా షాపుకొచ్చాడు. ప్యాంటు నిండా చెరువు బురద. ఎదురు హోటల్లో రెండు చాయ్‌లు తీసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. నేను లేత్ ఆపి చేతులు తుడుచుకుని చూశాను. కుడిచేతిలో ఒక కప్పు ఉంది, అది తనకు. రెండోది ఎడమచేతిలో ఉంది. వేళ్లు కాగితం కప్పు చుట్టూ ముడుచుకుని ఉన్నాయి. చెయ్యి వణుకుతోంది, చాయ్ అంచులు దాటి కారుతోంది. భుజం నుంచి ఎత్తి, నా ముందుకు చాపాడు.

"పట్టుకో మరదలా, ఎక్కువసేపు ఆగది" అన్నాడు.

షాపులో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. నా నియమం తెలిసినవాళ్లే, ఏమంటానా అని చూస్తున్నారు. నేను రెండు చేతులూ చాపి తీసుకున్నాను. సగం నా చేతుల మీదే పడింది. మిగిలిన సగం అక్కడే నిలబడి తాగాను.