ఓబులమ్మక్క నూనె డబ్బాలు

ఖాళీ నూనె డబ్బాకు మూత బిగించి అరచేత్తో కొడితే బోలుగా ఒక చప్పుడు వస్తుంది. నిన్న ఇక్కడ కువైట్లో, అబ్బాసియాలోని మా గది వంటింట్లో అలాగే కొట్టి చూశాను. గదిలో కొత్తగా చేరిన అమ్మాయి, "పారేయకుండా దాంతో ఆటలేంటి పిన్నీ?" అంది. పారేస్తానా! ఆ చప్పుడుకే నా ముక్కుకు పాచినీళ్ళ వాసన తగిలింది. వీపు మీద తడి చున్నీ ముడి ఒరుసుకున్నట్టయింది. ఓబులమ్మక్క వచ్చి నా పక్కన నిలబడ్డట్టే ఉంది.

ఓబులమ్మక్కది రాయచోటి వైపు పల్లె, నాది కోనసీమ. ఇప్పుడు నేను హోటల్లో వంట చేస్తున్నాను గానీ, అప్పట్లో ఇద్దరం ఒకే కువైటీ ఇంట్లో పనిచేసేవాళ్ళం. ఆ ఇంటి పిల్లలను పొత్తిళ్ళనుంచి పెంచింది ఆమే. ఇంటావిడను మామా అనేవాళ్ళం. చలికాలం వస్తే శుక్రవారాలు ఆ కుటుంబం వఫ్రాలోని తమ తోటకు వెళ్ళి గుడారం వేసేది. అక్కడ పైరుకు నీళ్ళు పట్టే పెద్ద సిమెంటు చెరువు ఉంది, చుట్టూ ఖర్జూరపు చెట్లు. పిల్లలూ మగవాళ్ళూ అందులో ఈదేవాళ్ళు. మేమిద్దరం తువ్వాళ్ళు పట్టుకుని గట్టున నిలబడేవాళ్ళం. నేను చెప్పే కథల్లో ఆ చెరువుకు అవతలి గట్టు కనిపించదు. నిజానికి కనిపించేది, కాస్త కళ్ళు చికిలిస్తే.

కథలంటే నాకు అంత మోజు. గోదావరిని అడ్డంగా ఈదినదాన్నని ఆ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. అదీ వరదలో, ఒక చేత్తో గొడుగు పట్టుకుని. డ్రైవరు నమ్మాడు, తోటమాలి నమ్మాడు. ఓబులమ్మక్క మాత్రం చపాతీ పిండి పిసుకుతూ తలెత్తకుండా అడిగింది: "గొడుగు ఎందుకమ్మే? తడుస్తావనా?"

ఒక శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళంతా నమాజుకని కార్లెక్కి మసీదుకు వెళ్ళారు. పిల్లలు గుడారంలో అన్నం తింటున్నారు. చెరువు ఖాళీగా ఉంది. ఓబులమ్మక్క ఎక్కడినుంచో రెండు ఖాళీ నూనె డబ్బాలు పట్టుకొచ్చింది.

"మా ఊర్లో బాయిలో ఈత నేర్పేటప్పుడు వీపుకు ఎండు బెండ్లు కడతాం. ఈత వచ్చేకొద్దీ ఒక్కో బెండు తీసేస్తాం. ఈడ బెండ్లు యాడ తెచ్చేది? ఇయ్యే మన బెండ్లు. తిరుగు ఇట్ల."

"నాకెందుకక్కా? గోదారినే ఈదినదాన్ని..."

"ఆ గోదారి కత నీళ్ళలో చెప్దువులే. తిరుగు."

నా వీపుకు చున్నీతో డబ్బాలు కట్టి మెట్ల మీదుగా దింపింది. తను మాత్రం నైటీతోనే గట్టుమీదనుంచి దూకింది. ఆ దూకుడుకు వఫ్రాలో ఖర్జూరపు చెట్లన్నీ తలస్నానం చేశాయని నేను చెబుతుంటాను. పొద్దస్తమానం మోకాళ్ళు పట్టుకుని మూలిగే మనిషి, నీళ్ళలో అసలు మోకాళ్ళే లేనట్టు సాగిపోయింది.

అప్పుడు మామా గుడారంలోంచి వచ్చి ఓబులమ్మక్క మీద అరిచింది. "లా! కూడదు! పనివాళ్ళు నీళ్ళలో దిగడమేమిటి? బయటికి రా. రాకపోతే రేపే టికెట్టు కొని ఊరికి పంపిస్తాను. ఖలాస్!"

ఊళ్ళో ఓబులమ్మక్క కూతురి నర్సింగు చదువు ఈ జీతం మీదే నడుస్తోంది. టికెట్టు అన్న మాట వినగానే మెట్ల మీదనుంచే నా కథల నోరు తెరుచుకుంది. "పిల్లల కోసమే మామా! లోతెంతుందో చూస్తోంది. రేపు వాళ్ళు మునిగితే తీయాలి కదా!" అన్నాను. మామా ముఖం మెత్తబడింది. ఓబులమ్మక్క అవునంటే చాలు, గండం గడిచిపోయేది.

ఆమె నీళ్ళలో నిలబడి ముఖం తుడుచుకుంది. సగం అరబ్బీ, సగం రాయచోటి కలిపి చెప్పింది: "లేదు మామా. ఇది అబద్ధం చెప్తాండాది. నాకు ఈతంటే ఇష్టం, అందుకే దిగినా. పొద్దున్నుంచి పని చేసినా, మళ్ళా చేస్తా. మగోళ్ళు వచ్చేదాకా ఈదుకుంటా. పంపాలంటే పంపు." వెనక్కి తిరిగి మళ్ళీ ఈత మొదలుపెట్టింది.

మామా విసురుగా గుడారంలోకి వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చాక, "ఒక్క అవును అంటే నీ సొమ్మేం పోయేదక్కా?" అని గొడవపడ్డాను.

"అవునంటే ఇంగ ఎప్పుడు దిగినా బిడ్డల పేరు చెప్పుకునే దిగల్ల. నా ఒళ్ళు, నా ఈత. ఒకరి పేరెందుకు?" అంది. తన పెట్టె తానే సర్ది తలుపు పక్కన పెట్టుకుంది. వారమంతా దాన్ని దాటుకుంటూనే వెళ్ళి వంట చేసింది. టికెట్టు మాత్రం రాలేదు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. మమ్మల్నీ కారెక్కమన్నారు. మగవాళ్ళు నమాజుకు వెళ్ళగానే మామా గుడారంలోంచి పొడుగు గౌనుతో వచ్చింది, చేతుల్లో రెండు ఖాళీ నూనె డబ్బాలు. వాటిని ఓబులమ్మక్కకు అందించి, వీపు తిప్పి నిలబడింది. ఓబులమ్మక్క కట్టింది. ముడి మాత్రం కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువే బిగించిందని నా అనుమానం.

ఆ చలికాలంలోనే నాకూ ఈత వచ్చింది. చివరి డబ్బా విప్పాల్సిన రోజున ఎంత బతిమాలినా ఓబులమ్మక్క చెయ్యి వేయలేదు. "ముడి నువ్వే ఇప్పుకోవాల," అని అవతలి గట్టుకు పోయి కూర్చుంది. కూతురి చదువు పూర్తయ్యాక, తనకు తోచిన రోజున, తన పెట్టె తానే సర్దుకుని ఊరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు శుక్రవారాలు అబ్బాసియానుంచి ఆడవాళ్ళం కొందరం బస్సెక్కి సముద్రానికి వెళతాం. డబ్బాల మోతకు బస్సంతా మావైపే చూస్తుంది. ఈ వారం ఒడ్డున మన వైపు మనిషొకడు, "ఎక్కడ నేర్చుకున్నావు ఆంటీ ఈత?" అన్నాడు.

"గోదారిలో బాబూ. వరదలో, గొడుగేసుకుని."

"ఈ వయసులో ఎందుకంట? డాక్టరు చెప్పాడా?"

నడుం నొప్పి, షుగరు, మొక్కుబడి... కథలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"ఇష్టం. అందుకే," అన్నాను. గదిలోని కొత్తమ్మాయి చున్నీ పట్టుకుని బెరుగ్గా నిలబడి ఉంది. "తిరుగు ఇట్ల," అని దాని వీపుకు డబ్బాలు కట్టాను.