కోతలకు అందే ఊరు

ఆ వేసవిలో మా ఇంట్లో ఎక్కువగా వినిపించిన పేర్లు రెండు: లిస్బన్, కౌలాలంపూర్. మా ఆయన తన ఫోన్లో రెండు ఊళ్ళ వాతావరణమూ పెట్టుకున్నాడు. మిర్యాలగూడ ఎండలో పొద్దున్నే మిల్లుకు బయలుదేరుతూ, లిస్బన్‌లో చల్లగా ఉందట, కౌలాలంపూర్‌లో వాన పడుతోందట అని వార్తలు చదివినట్టు చదివి వెళ్ళేవాడు. రెండింటిలో ఏ ఊరికి వెళ్దామని అడిగితే మాత్రం జవాబు ఒకటే.

"నీకేది మంచిగుంటదో ఆడికే పోదాం."

మొదట్లో ఆ మాట ప్రేమగా అనిపించేది. నెల రోజులకు విసుగు పుట్టింది.

ఆయన రైస్ మిల్లుల్లో ఫిట్టర్. కోతలు మొదలై వడ్ల లారీలు మిల్లుల ముందు బారులు తీరాయంటే ఇంట్లో కనిపించడు. ఒక మిల్లు బాగుచేసి చెయ్యి కడుక్కునే లోపల ఇంకో మిల్లు నుంచి ఫోన్ వస్తుంది. నేను సూర్యాపేటలో పుట్టాను, కోదాడలో ఇంజనీరింగ్ చదివాను, పెళ్ళయ్యాక మిర్యాలగూడ వచ్చాను. ఆరేళ్ళుగా ఇంగ్లండ్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. వాళ్ళ ప్రోగ్రామును ఎలా వాడాలో, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో వాడేవాళ్ళకు అర్థమయ్యేలా రాసిపెట్టడం నా ఉద్యోగం. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి రాత్రి పదిన్నరకు ముగించేదాన్ని. ఆయన ఇంటికొచ్చే వేళకు నేను చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఉండేదాన్ని. ఆరేళ్ళలో మేమిద్దరం కూర్చుని సాయంత్రం చాయ్ తాగింది ఆదివారాలే.

విదేశం మాట మొదట ఎత్తింది ఆయనే. పిల్లల కోసం ఏడేళ్ళు హైదరాబాద్ దవాఖానల చుట్టూ తిరిగాం. చివరిసారి డాక్టరమ్మ ఇంకోసారి ప్రయత్నిద్దామని వివరిస్తుంటే, ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి, ఇక చాలని ఆమెతో మెల్లగా చెప్పాడు. నేను అనలేకపోయిన మాట అది. బయటికొచ్చి, రెండు రోజులు మా అక్క దగ్గర ఉందామని సూర్యాపేట బస్సెక్కాం. దిగాక బస్టాండ్ దగ్గరే చాయ్ తాగుతూ అన్నాడు:

"ఇన్నేండ్లు ఒక్క దిక్కే తిరిగినం. ఇగ ఎటన్న పోదాం. దూరం."

నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళొద్దామన్నాడని అనుకున్నాను. కానీ ఆ మాట నా తలలో పెరిగింది. పని సరిగ్గా అందితే నేను ఏ దేశంలో కూర్చున్నా ఫర్వాలేదని మా కంపెనీ మొదటి నుంచీ చెబుతూనే ఉంది. నాలాంటి వాళ్ళకు కొన్ని దేశాలు వేరే వీసా ఇస్తున్నాయని తెలిసింది. వెతికి, చదివి, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి, ఒక్కో ఊరే కొట్టేసుకుంటూ వస్తే చివరికి ఆ రెండూ మిగిలాయి.

నా మనసు లిస్బన్ మీద ఉండేది. లిస్బన్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ గడియారం ఒకటే. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రానికి పని అయిపోతుంది. ఎత్తు పల్లాల వీధులు, సముద్రమంత వెడల్పున్న నది, వీధుల్లో పాకే పసుప్పచ్చ ట్రాములు. ఆ ఫొటోలు ఎన్నిసార్లు చూశానో. అయితే అక్కడ ఆయనకేం తోస్తుంది? భాష రాదు, తెలిసినవాళ్ళు లేరు, చలి. పోర్చుగల్‌లో కూడా వరి పండిస్తారని ఎక్కడో చదివి, ఆశపెడదామని చెప్పాను. ఆయన నవ్వి, మరి వాళ్ళకు ఫిట్టర్ ఉండనే ఉంటాడు కదా అన్నాడు.

కౌలాలంపూర్ అలా కాదు. దగ్గర. మన తిండి దొరుకుతుంది, మనవాళ్ళు ఉన్నారు. కాకపోతే ఇంగ్లండ్ వేళల్లో పని చేయాలంటే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఇక్కడున్న కాస్త నిద్రా పోతుంది. ఆయన కోసం ఒక ఊరు, నా కోసం ఒక ఊరు, ఇలా ఉండేది నా లెక్క. ఇది పైకి చెప్పలేదు. చెబితే ఆయన వెంటనే లిస్బన్ అనేస్తాడని తెలుసు.

మే నెలాఖరులో, కోతల పని తగ్గాక, ఒక శనివారం బైకు మీద కోదాడ వెళ్ళాం. కాలేజీలో నాకు రెండేళ్ళు సీనియర్ అక్కడ వీసా కాగితాలు చూసిపెడుతుంది. ఆమెది అటు కృష్ణా జిల్లా వైపు మాట. మా పాస్‌పోర్టులు, పెళ్ళి సర్టిఫికెట్టు, కంపెనీ ఉత్తరం అన్నీ వరుసగా చూసి, ఏ ఊరని అడిగింది. ఇంకా అనుకోలేదన్నాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ముందు ఆ సంగతి తేల్చుకోండమ్మా. రెండిటికీ కాగితాలు వేరు వేరు కదా. సోమవారం చెప్పండి, మొదలుపెట్టేస్తాను."

బయటికొచ్చాక ఆయన్ని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు. కోపం వచ్చి హుజూర్‌నగర్ దాకా మాట్లాడలేదు.

నేరేడుచర్లలో ఆగాం. అక్కడ మిల్లుల దారిలో టిఫిన్ సెంటర్ నడిపే ఒకామె మలేషియాలో కొన్నేళ్ళు ఒక హోటల్ వంటింట్లో పని చేసి వచ్చిందని మా ఆయనకు తెలుసు. మిల్లు పనికి వచ్చినప్పుడల్లా ఆమె దగ్గరే తింటాడు. ఊరి గురించి ఆమెను అడుగుదామని ముందే అనుకున్నాం. యాభై ఏళ్ళు దాటిన మనిషి, మాట గట్టిది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కావడంతో మాకు ఉప్మా పెట్టి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

ఊరు మంచిదేనంది. బియ్యం, కరివేపాకు, మునక్కాయలు దొరుకుతాయంది. రోజూ వాన, గొడుగు లేనిదే గడప దాటొద్దంది. రైళ్ళు ఎలా ఎక్కాలో, ఏ బజారులో చేపలు బాగుంటాయో చెప్పింది. నేను ఫోన్లో రాసుకుంటున్నాను. మధ్యలో ఆమె మా ఆయన వైపు తిరిగింది.

"అంతా మంచిగనే ఉంటది గని, అన్న ఆడ ఏం పని జేస్తడు?"

ఆయన చట్నీ వైపు చూస్తున్నాడు. నేనే చెప్పాను.

"ఆయనకు పని చేసే వీలు లేదక్కా. నా వీసా మీద వస్తడు. కొన్ని రోజులు రెస్ట్ తీసుకుంటడు."

"మా ఆయన గిట్లనే వచ్చి మూడు నెలలు ఉన్నడు చెల్లె, రెస్ట్ అని. మొదటి నెల మా రూముల ఫ్యాను ఇప్పి బిగించిండు. రెండో నెల పక్క రూమోళ్ళది ఇప్పిండు. మూడో నెలకు ఇప్పెతందుకు ఫ్యాన్లు లేవు. ఇగ పరేషాన్ అయి నా మీదికి కొట్లాటకు వచ్చుడు షురూ జేసిండు."

నేను గట్టిగా నవ్వాను. ఆయనా నవ్వాడు, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పదమూడేళ్ళు ఆయనతో కాపురం చేసిన దాన్ని. ఆ సగం నవ్వు నాకు తెలుసు.

నేరేడుచర్ల దాటాక సాగర్ కాల్వ వంతెన మీద బైకు ఆపాడు. కాల్వలో నీళ్ళు అడుగున ఉన్నాయి. ఇద్దరం పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆయన అన్నాడు:

"ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. నాకు ఆడికి రావాలని ఉంది. ఆడ ఉండాలని లేదు."

"మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"ఎటన్న పోదామన్నది నేనే గద. ఏడేండ్లు సూదులు నువ్వు పొడిపించుకున్నవ్. ఇన్నాళ్ళకు నువ్వు ఒకటి కావాలనుకుంటే అదిగూడ నేనే ఖరాబ్ చెయ్యాల్నా?"

కోపం వచ్చిన మాట నిజం. వీసాల మీద, లిస్టుల మీద నేను పెట్టిన నెలలన్నీ గుర్తొచ్చాయి. కానీ ఆ కోపం ఎంతో సేపు నిలవలేదు. పిట్టగోడ మీద కూర్చున్నాను. ఏదో పెద్ద బరువు దిగింది. నా లిస్టుల్లో ఏముందో అప్పుడు నాకే కనబడింది. ఆయన నడవడానికి పార్కులు, ఆయన చూడడానికి తెలుగు చానెళ్ళు, ఆయన నేర్చుకోవడానికి ఏవో క్లాసులు. పొద్దస్తమానం పనిలో ఉండే మనిషికి రోజంతా ఏం తోచాలో అని నెలల తరబడి నేనొక్కదాన్నే ఆలోచిస్తున్నాను. ఆ రెండు ఊళ్ళలో ఏదీ తేలకపోవడానికి కారణం అదే.

నేను ఇంకో మాట కూడా దాచాను. అది అప్పుడే బయటపెట్టాను.

"నాకైతే పోవాలనే ఉంది. నువ్వు రాకున్నా పోవాలని ఉంది."

చెప్పాక భయమేసింది. ఆయన మాత్రం తలూపాడు, ఎప్పుడో తెలిసిన సంగతి విన్నట్టు.

"పో. కోతలు అయిపోయినంక నేనొస్త, మళ్ళ కోతలకు ఈడికొస్త. ఏడాదికి రెండు మాట్ల వస్త. అట్లయితే కుదురుతదా?"

కుదురుతుంది. కానీ లిస్బన్‌కు కుదరదు. విమానాలు మారి, ఒక రోజంతా ప్రయాణం చేసి, మిల్లులో ఏదైనా విరిగిందంటే మళ్ళీ అంత దూరం రావాలి. కౌలాలంపూర్‌కైతే హైదరాబాద్‌లో ఎక్కితే నాలుగైదు గంటల్లో దిగుతాం. ఊరి పేరు మాత్రం ఎవరమూ ఎత్తలేదు. బైకు ఎక్కుతూ ఆయనే అడిగాడు, సోమవారం దాకా ఎందుకు, కోదాడ మేడమ్‌కు ఇప్పుడే ఫోన్ చేయకూడదా అని. వంతెన మీద నుంచే చేశాను.

ఇంటికి వచ్చాక పని వేళల సంగతి మిగిలింది. అర్ధరాత్రి దాకా పని చేయడం నా వల్ల కాదు. మా మేనేజరు లండన్ అవతల ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. మంచి మనిషే, కానీ ఆరేళ్ళలో వేళలు మార్చమని ఆమెను ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఉద్యోగానికే ఎసరొస్తుందేమోనని భయం. ఆదివారమంతా కూర్చుని ఒక ఉత్తరం రాశాను. మూడుసార్లు చింపి రాసినంత పని అయింది. కారణాలు, హామీలు, క్షమాపణలు అన్నీ పెట్టాను. మా ఆయనకు తెలుగులో చెబితే, దీంట్లో నువ్వు అడిగిందేదో తెలియడం లేదన్నాడు. అన్నీ తీసేసి మూడు వాక్యాలు పంపాను.

సోమవారం ఆమె జవాబు వచ్చింది. మంగళవారం, గురువారం మీటింగులకు ఉంటే చాలనీ, మిగతా పని ఎప్పుడు చేసుకున్నా ఒకటేననీ రాసింది. చివర ఇంకో వాక్యం చేర్చింది: ఇన్నాళ్ళూ ఆ వేళలు నీకే ఇష్టమనుకున్నాను అని.

ఆ వాక్యాన్ని మా ఆయనకు తెలుగులో చెప్పాను. ఆయన వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టాడు.

సూర్యాపేటలో మా అక్కకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. మొగుడు ఒక చోట, పెళ్ళాం ఒక చోట ఉంటే లోకం ఏమనుకుంటుందని ఆమె బాధపడింది. దవాఖాన సంగతి వల్లనే విడిపోతున్నామని అనుమానపడి నన్ను గదిలోకి తీసుకెళ్ళి అడిగింది కూడా. నేను ఎంత చెప్పినా నమ్మలేదు. బయట మా ఆయన, నా కోసం అక్క ఇచ్చిన పాత పెట్టెకు కొత్త చక్రాలు బిగిస్తూ, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టుకోవాలో, ఏ జేబు జిప్పు గట్టిదో నాకు పదోసారి వినిపించేలా చెబుతున్నాడు. అది విన్నాక అక్క ఊరుకుంది.

జూలై చివర్లో కాగితాలన్నీ వచ్చాయి. ఇద్దరం కలిసే కౌలాలంపూర్ వచ్చాం. పద్నాలుగో అంతస్తులో ఒక గది, చిన్న వంటిల్లు. ఆయన ఏడు వారాలు ఉన్నాడు. నేను పని చేసుకునే వేళ బజారుకు వెళ్ళి, మలయ్ భాషలో అంకెలు నేర్చుకుని వచ్చి నాకు అప్పజెప్పేవాడు. గొడుగు ఇంట్లో మరిచిపోయి రోజూ తడిసేవాడు. సాయంత్రం ఆరు కాగానే నేను ల్యాప్‌టాప్ మూసేసేదాన్ని. ఇద్దరం కిందికి దిగి, వాన ఆగిన రోడ్ల మీద ఎటు తోస్తే అటు నడిచి, ఎక్కడో ఒకచోట తిని వచ్చేవాళ్ళం. పదమూడేళ్ళ కాపురంలో అన్ని సాయంత్రాలు మాకు ఎప్పుడూ దొరకలేదు.

ఆరో వారం నుంచి మిల్లుల ఫోన్లు మొదలయ్యాయి. కోతలకు ముందే మిషన్లు సర్దిపెట్టాలి. ఫోన్లో ఆయన గొంతు మారిపోయేది, నడుము నిటారుగా అయ్యేది. టికెట్ నేనే తీశాను. ఎయిర్‌పోర్టులో ఏడుపొస్తుందేమోనని రుమాలు పట్టుకెళ్ళాను, దానితో పని పడలేదు. సెక్యూరిటీ గేటు దగ్గర ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నేను రైలెక్కి గదికి వచ్చి, ఆయన తడిపిన చొక్కాలు ఆరేసి, కంటినిండా నిద్రపోయాను.

లిస్బన్ ఫొటోలు ఇప్పటికీ అప్పుడప్పుడు చూస్తాను. ఆ నది ఒడ్డున ఒక్క సాయంత్రమైనా కూర్చోవాలన్న కోరిక పోలేదు. సెలవు దొరికితే ఎప్పుడో ఒకసారి చూసి రావచ్చు.

నిన్న మీటింగ్ అయిపోయాక ఆయన ఫోన్ చేశాడు. వెనక మిల్లు మోత. అన్నం తిన్నావా అని నేను అడిగింది ఆయనకు వినపడలేదు, ఆయన అన్నది నాకు వినపడలేదు. రెండుసార్లు అరిచి చూసి, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. నేను గొడుగు తీసుకుని చేపలు కొనడానికి కిందికి దిగాను.