పచ్చ తక్కువైన ఎరుపు

మొన్న ఇంటికి రంగులు వేయిద్దామని గోడల మీద ఉన్నవన్నీ దింపుతున్నాం. నేను స్టూలు మీద, మా ఆవిడ కింద. గడియారం అయింది, క్యాలెండర్లు అయ్యాయి. "ఆ నీలం తివాచీ బొమ్మ కూడా తీసెయ్యండి" అంది. నేను నాలుగు గోడలూ చూశాను. మా ఇంట్లో నీలం తివాచీ బొమ్మ ఏదీ లేదు. ఉన్నదల్లా కిటికీకి ఎదురుగా ఫ్రేములో పెట్టుకున్న ఒక ఎర్ర తివాచీ కార్డు. దాన్ని దింపి చేతిలోకి తీసుకుంటే మా ఆవిడ అన్న మాటే నిజమైంది. ఎరుపున్న చోటల్లా వెలిసిన బూడిద, అంచుల్లోనూ పువ్వుల్లోనూ నీలం, తివాచీలో మిగిలినవి అవే. బస్టాండు గోడల మీద వాల్‌పోస్టర్లు ఎండకి ఇలాగే నీలంగా తేలిపోవడం అందరూ చూసే ఉంటారు. అచ్చులో వాడే నాలుగు సిరాల్లో పసుపూ ఎరుపూ ముందు పోతాయి, నీలమూ నలుపూ ఆఖరి దాకా ఉంటాయి. ఇంత తెలిసినవాణ్ణి, రోజూ దాని ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ గమనించలేదు. ఫ్రేము వెనక నేనే అంటించిన కవరు ఒకటి ఉంది. దాన్ని మాత్రం విప్పకుండా జేబులో పెట్టుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అంతకు ముందు పెంటపాడు దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆ మిల్లులో కాటాలు మూడు. ఒకటి బస్తాకి అరకిలో ఎక్కువ చూపేది, ఒకటి పావుకిలో తక్కువ చూపేది, మూడోది వానాకాలంలో ఒక రకంగా, ఎండాకాలంలో ఇంకో రకంగా చూపేది. బాగుచేసే మనిషి వస్తానని రాని రోజుల్లో, ఏ కాటా ఎంత తేడా చూపుతుందో ఒక పుస్తకంలో గళ్ళు గీసి రాసుకుని, తూచిన ప్రతి బస్తాకీ ఆ తేడా సరిచేసి వేసేవాణ్ణి. రైతులు నన్ను నమ్మింది ఆ పుస్తకం వల్లే. నేను చదివిన చదువు కూడా దాదాపు అదే. తర్వాత మిల్లు చేతులు మారింది. నేను ఏలూరు వచ్చి, ఒక్క గదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని, శుభలేఖలు, కరపత్రాలు, చర్చి పండగల ఆహ్వానాలు తయారుచేయడం మొదలుపెట్టాను. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. ఏది నొక్కితే ఏమవుతుందో నొక్కి చూసి, పుస్తకంలో రాసుకున్నాను.

అచ్చు వేసేది తాడేపల్లిగూడెంలో మా బావమరిది. అతని దగ్గర ఒకే సిరా పట్టే ఆఫ్‌సెట్ మిషను ఉండేది. రంగుల కార్డయితే బెజవాడలో నాలుగు ఫిల్ములు తీయించి, ఒకే కాగితాన్ని నాలుగుసార్లు మిషనెక్కించేవాడు. మొదట పసుపు, తర్వాత ఎరుపు, నీలం, నలుపు. కంప్యూటరులో బొమ్మకి రెండు పద్ధతులుంటాయి. తెరకోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో నడిచే మూడక్షరాలది ఒకటి, అచ్చు సిరాల అంకెలతో నడిచే నాలుగక్షరాలది ఒకటి. అచ్చుకి నాలుగక్షరాలదే పంపాలని బావమరిది చెబితే, పంపేముందు ఒక నొక్కు నొక్కి మార్చేవాణ్ణి. ఆ నొక్కులో లోపల ఏం జరుగుతుందో ఆరా తీయలేదు. లెక్కలమనిషినని పేరు పెట్టుకున్నవాణ్ణి, నా కళ్ళెదుట ఒక లెక్క నాకు కనపడకుండా జరిగిపోతుంటే ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఇంకొకరి మీద పడింది.

మా అత్తవారింటి పక్కన ఒక పెద్దావిడ ఉండేవారు. మా ఆవిడకీ బావమరిదికీ పిన్ని వరస, కాబట్టి నాకు అత్తయ్యగారు. పుట్టింది కొల్లేటి లంకల్లో, ఏలూరు వచ్చింది పెళ్ళయ్యాక. తివాచీల షెడ్డులో ఉన్నికి రంగు ఎక్కించడం ఆవిడ పని. రాగి కాగులో నీళ్ళు మరుగుతుంటే, రంగు పొడులు గ్రాముల్లో తూచి వేసి, ఉన్ని చిలపలు, అంటే చుట్టిన పోగుల కట్టలు, ముంచి తీసి, నీడలో ఆరేసేవారు. ఆ షెడ్డులో నేసే ఎర్ర తివాచీకి ఆవిడ ఎరుపే పేరు. షెడ్డు యజమాని ఆ తివాచీ ఫోటో తెచ్చి నా దగ్గర కార్డులు వేయించారు. అచ్చయి వచ్చిన కార్డులో ఎరుపు కాస్త పాత ఇటుకలా ఉంది. నాకు అనుమానం వచ్చింది గాని, ఫోటో తీసినవాళ్ళది అనుకున్నాను. యజమాని కార్డులు చూసి బాగున్నాయనే అన్నారు.

ఆరు నెలలకి తెలిసింది. ఆ కార్డు చూసి మద్రాసులో ఒక దుకాణంవారు ఎనిమిది తివాచీలు తెప్పించుకుని, కార్డులో ఉన్నది ఒక రంగు, వచ్చింది ఒక రంగు అని ఎనిమిదీ తిప్పి పంపేశారట. ఫోటో అబద్ధం చెప్పదు కాబట్టి తప్పు రంగు ఎక్కించిన చేతిదేనని యజమాని తేల్చారు. వయసు మీద పడింది, కళ్ళు మునుపటిలా లేవు, ఈ నెలాఖరునుంచి ఇంట్లో ఉండమని అత్తయ్యగారికి చెప్పేశారు. ముప్ఫై ఏళ్ళ పని.

ఆవిడ నా గదికి వచ్చిన రోజు నామీద నిష్ఠూరం ఏమీ ఆడలేదు. ఒక చేతిలో కార్డు, ఒక చేతిలో ఉన్ని పోగు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, "అల్లుడుగారూ, నా ఎరుపు మీ పెట్టెలో ఎలా ఉందో ఒక్కసారి చూపిస్తారా అండీ" అన్నారు. అసలు ఫోటో తెరిచాను. తెరమీద ఎరుపు కార్డులో ఉన్నంత అన్యాయంగా లేదు. ఆవిడ పోగుని తెరకి ఆనించి, తల అటూ ఇటూ వంచి చూసి, పచ్చ తక్కువైందండి అన్నారు. ఎర్ర తివాచీలో ఆకుపచ్చ ఎందుకా అనుకుంటూనే, పెద్దావిడ మాట తీసెయ్యలేక, మూడక్షరాల పద్ధతిలో ఆకుపచ్చ అంకెని ఇరవై నుంచి పెంచుకుంటూ వెళ్ళాను. నలభై దాటేసరికి తెరమీద ఎరుపు వెచ్చబడింది. ఇంకో ఆరు పెంచేసరికి పోగు, తెరా ఒక్కటైపోయాయి. ఆవిడ మొహం వెలిగింది. తర్వాత చేతిలో కార్డు చూసుకుని చాలా మామూలుగా అడిగారు: "ఇక్కడ ఉన్న ఎరుపు గూడెం వెళ్ళేసరికి దార్లో ఎక్కడ దిగిపోయిందండీ?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. భీమడోలులో దిగిందా, చేబ్రోలులో దిగిందా అని రెండ్రోజులు ఆలోచించాను. ముందు తోచిన పని, బావమరిదికి ఫోన్ చేసి, పాత ప్లేట్లే ఎక్కించి, పచ్చ కొంచెం పెంచి నాలుగు కార్డులు వేసి పంపమన్నాను. బస్సులో వచ్చిన కార్డులు చూస్తే తివాచీ తాటిబెల్లం రంగుకి తిరిగింది. తెరమీద పచ్చ పెంచితే బాగుపడింది, మిషను మీద పచ్చ పెంచితే పాడైంది. ఒకే మాట, ఒకే ఎరుపు. అత్తయ్యగారికి చూపిస్తే తాటిబెల్లం కార్డుని వాసన చూసినంత దగ్గరగా పెట్టుకుని, వాడి దగ్గరికే వెళ్దాం పదండన్నారు. నెలాఖరుకి ఇంకా పదహారు రోజులుంది.

ప్యాసింజరులో వెళ్ళాం. బావమరిదిని ఆవిడ చిన్నప్పటినుంచి ఎరుగుదురు కాబట్టి గుమ్మంలోనే పట్టుకున్నారు.

"ఏరా, నా ఎరుపులో బురద కలిపావెందుకురా?"

"బావగారే పచ్చ పెంచమన్నారు పిన్నీ. గ్రీన్ డబ్బా అంటూ నా దగ్గర ఉంటే కదా? బ్లూ కాస్త, ఎల్లో కాస్త పెంచాను. లెక్కల బావగారి మాట కాదంటే మా అక్క ఊరుకుంటుందా?"

ఆవిడ మిషను పక్కన వరసగా ఉన్న సిరా డబ్బాల దగ్గరికి వెళ్ళి మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూశారు. పసుపు డబ్బా దగ్గర ఆగి, ఇదిగోరా పచ్చ, ఎదురుగా పెట్టుకుని లేదంటావేం అన్నారు. అది ఎల్లో పిన్నీ అన్నాడు వాడు. అదే కదరా పచ్చ అన్నారావిడ. మరి ఆకుపచ్చని మీరేమంటారని నేనడిగాను. "అది ఆకండీ. పచ్చ వేరు, ఆకు వేరు. కాగు దగ్గర ఆ రెండూ కలిపి మాట్లాడితే ఉన్ని తగలడిపోదూ?"

బావమరిది నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, వేరే సంగతి వెలిగింది. ఆవిడ అడిగింది పసుపు. నేను వేసింది ఆకుపచ్చ. అయినా తెరమీద సరిపోయింది. ఎందుకంటే తెరమీదవి దీపాలు. ఎర్ర దీపానికి ఆకుపచ్చ దీపం తోడైతే వచ్చేది పసుపు వెలుగు. అక్కడ ఎంత కలిపితే అంత వెలుగు పెరుగుతుంది, మూడూ నిండా కలిస్తే తెలుపు. కాగితం మీదవి సిరాలు. ఎంత కలిపితే అంత వెలుగుని మింగుతాయి. నాకు తోచినంతలో ఆవిడకి చెప్పాను. కాగులో కూడా అంతేనండీ, ఏది కలిపినా చీకటే పెరుగుతుంది, అందుకే మేం తక్కువ వేసి మొదలుపెడతాం అన్నారావిడ. నాకు తెలియడానికి నెలలు పట్టిన సంగతి ఆవిడకి ముప్ఫై ఏళ్ళ కిందటే తెలుసు.

ఏలూరు తిరిగొచ్చి మొదటి కార్డు తాలూకు ఫైలు తెరిచి, నేను నొక్కిన ఆ ఒక్క నొక్కు ఏం చేసిందో అంకెల్లో చూశాను. ఎరుపు ఉన్నచోటల్లా నూటికి పాతిక పాళ్ళు నీలం చేరి ఉంది. ముదురు ఎరుపు చూపాలంటే అలా వెయ్యాలని కంప్యూటరు తనకు తెలిసిన ఏదో ఒక మిషనుకి లెక్క కట్టింది. ఆ మిషను మా బావమరిదిది కాదు. మావాడి మిషను నీలాన్ని అడిగినదానికంటే ఎక్కువే ఎక్కిస్తుంది. అంటే ఇదీ కాటాయే. తేడా రాసిపెట్టిన పుస్తకం లేకుండా పదిమంది బస్తాలు తూచాను.

అప్పుడు గళ్ళు గీశాను. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, మొత్తం ముప్ఫై ఆరు చిన్న గళ్ళు. అడ్డంగా వెళ్ళేకొద్దీ ఎరుపు డెబ్బై అయిదు నుంచి అయిదేసి పెరుగుతుంది. కిందికి దిగేకొద్దీ పసుపు యాభై నుంచి పదేసి. నలుపు అన్నిట్లోనూ పది, నీలం ఎక్కడా సున్నా దాటదు. బెజవాడ నుంచి ఫిల్ములు రావడానికి ఆరు రోజులు పట్టింది. మళ్ళీ ఇద్దరం ప్యాసింజరెక్కాం. అచ్చయిన కాగితాన్ని బావమరిది ట్యూబులైటు కింద పెట్టి ఏది కావాలో చెప్పు పిన్నీ అంటే ఆవిడ చూడనన్నారు. కొల్లేటి నీళ్ళు పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు, నీళ్ళేమైనా మారాయా అన్నారు. కాగితం పట్టుకుని వాకిట్లోకి వచ్చి, తాను నీడలో నిలబడి, ఎండలోంచి వచ్చే వెలుగుకి తిప్పి పెట్టారు. ఉన్ని పోగు ఒక్కో గడి మీదా ఆన్చుకుంటూ పోయారు. ఒకచోట పోగు గడిలో కలిసిపోయింది. వేలుపెట్టి వెతకాల్సి వచ్చింది. అడ్డం అయిదు, నిలువు నాలుగు. ఎరుపు తొంభై అయిదు, పసుపు ఎనభై.

ఆ అంకెలతో కొత్త కార్డు వేశాం. దాన్నీ, పాత కార్డునీ, పోగునీ పట్టుకుని ఆవిడతోపాటు షెడ్డుకి వెళ్ళాను. నెలాఖరుకి రెండు రోజులుంది. దారిలో నేను ఏం చెప్పాలో మనసులో నాలుగు రకాలుగా అనుకున్నాను. ప్రతి దాంట్లోనూ కంప్యూటరు మీదికో, మిషను మీదికో కొంత తోయడానికి చోటుంది. యజమాని ఎదుట కూర్చున్నాక అవేవీ నోటికి రాలేదు. "తప్పు అత్తయ్యగారి కాగుది కాదండి. కార్డు తయారుచేసింది నేను. ఆవిడ వెయ్యని నీలం నేను వేశాను" అన్నాను. ఆయన కార్డులు రెండూ, పోగూ తీసుకుని లేచి వాకిట్లోకి వెళ్ళారు. ఎండలోకి పోబోతుంటే అత్తయ్యగారు, నీడలో నిలబడి చూడండి అన్నారు. ఆయన నీడలోకి జరిగారు. చాలాసేపు చూసి, పోగు ఆవిడ చేతికిచ్చి, మద్రాసువాళ్ళకి కొత్త కార్డూ ఉన్ని ముక్కా కలిపి పంపుదాం అన్నారు. గుమ్మం దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరగకుండానే, రేపు కాగు పొద్దున్నే పెట్టించండి, చిలపలు చాలా ఉన్నాయన్నారు. ఆయన క్షమాపణ అంతే. ఆవిడకి అది చాలిందో లేదో నేను అడగలేదు.

మరో ఏడేళ్ళు ఆవిడ రంగు ఎక్కించారు. మా పుస్తకంలో బావమరిది మిషనుకి నాలుగు పేజీలు, నున్నటి కాగితానికి రెండు, గరుకు కాగితానికి మూడు చేరాయి. రంగుల మాట వచ్చినప్పుడల్లా పచ్చ అంటే ఏ పచ్చ అని ముందు అడగడం అలవాటైంది. ఆవిడ పోయాక ఆ కొత్త కార్డుకి ఫ్రేము కట్టించి, పోగుని కవరులో పెట్టి వెనక అంటించాను.

మొన్న దాన్ని దింపిన మర్నాడు ఆ కవరు విప్పాను. పది గంటల వేళ వాకిట్లోకి వెళ్ళి, నీడలో నిలబడి, పోగుని కార్డు మీద పెట్టాను. పోగు ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కార్డు మీద అది కలిసే చోటే లేదు. ఆవిడ ఉంటే పచ్చ తక్కువైందండి అనేవారు. ఈసారి ఎరుపు కూడా తక్కువైంది. ఏ కాటా ఎంత తేడా చూపుతుందో, ఏ మిషను ఎంత నీలం ఎక్కిస్తుందో అన్నీ రాసుకున్న పుస్తకంలో, ఇన్నేళ్ళూ కిటికీలోంచి రోజుకి కొంచెం చొప్పున వచ్చి వెళ్ళిన ఎండకి మాత్రం నేను ఒక్క గడి కూడా గీయలేదు.