మాస్టారి నల్లబల్ల మీద ఏడో స్థానం

ఆ రోజుల్లో నా నోట్లోంచి "కాదు" అనే మాట వచ్చేది కాదు. ఆ రోజులంటే మరీ పాతకాలమేం కాదు, ఏడెనిమిదేళ్ళ కిందటి సంగతే. కడియంలో ఓ నర్సరీ ఆఫీసులో ఫోన్లో ఆర్డర్లు తీసుకునే ఉద్యోగం నాది. "ఈ మొక్క ఎండకి ఆగుతుందా?" అని ఒకాయన అడిగితే "ఆగుతుందండి" అనేవాణ్ణి. అరగంట పోయాక ఇంకొకాయన "మా వాకిట్లో ఎండే పడదు, నీడలో బతుకుతుందా?" అంటే అదే మొక్కకి "బతుకుతుందండి" అనేవాణ్ణి. మోసం చేద్దామని కాదు. అడిగేవాళ్ళ గొంతులో ఆశ వినపడితే దాన్ని తుంచడానికి నాకు మనసొప్పేది కాదు. (మా ఓనరుగారు ఇదంతా నా వ్యాపార దక్షత అనుకుని నలుగురిలో మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఓ లారీడు మొక్కలు ఎండిపోయి తిరిగొచ్చాయి. అప్పట్నుంచి మెచ్చుకోవడం మానేశారు.)

అలాంటి నాకు పాలకొల్లులో ఉండే మా పెద్దమ్మ ఓ సంబంధం తెచ్చింది. అమ్మాయి వాళ్ళూ మా పెద్దమ్మా ఒకే చర్చి. తండ్రి మిషన్ స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, కుర్రతనంలో బాక్సింగ్ ఆడినాయన. అమ్మాయి కూడా కాలేజీ రోజుల్లో బాక్సింగ్ ఆడి, ఇప్పుడు ఓ ప్రైవేటు స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతోంది. ఫోటోలో మెళ్ళో పతకం వేసుకుని, ముక్కు కాస్త వాచి, ఆ వాపుతోనే నవ్వుతోంది. ఆ నవ్వు చూసిన క్షణాన్నే నాకు ఈ సంబంధం కుదిరితే బావుండుననిపించింది. అంతకు ముందు పెద్దమ్మ తెచ్చిన వాటికి "నీ ఇష్టం పెద్దమ్మా" అన్నవాణ్ణి, దీనికి మాత్రం రోజుకి రెండుసార్లు నేనే ఫోన్ చేసి ఏమైందని అడిగాను.

పెద్దవాళ్ళ అనుమతితో మేమిద్దరం ఓసారి ఫోన్లో మాట్లాడుకున్నాం. నా జీతం, నా వంట, నా అలవాట్లు ఏవీ అడగలేదావిడ. "బాక్సింగ్ చూస్తారాండీ?" అంది. "చూస్తానండి" అన్నాను. (అప్పటికి నేను చూసిన కొట్లాటలన్నీ భీమవరం బస్సులో సీటు కోసం జరిగినవే.) "ఇప్పుడు ఎడంచేతి వాటంతో ఆడే ఛాంపియన్ ఉన్నాడు కదండీ, ఇన్నేళ్ళ చరిత్రలో గొప్పవాళ్ళందర్నీ వరసలో నిలబెడితే ఆయన్ని ఎక్కడ పెడతారు? నేనైతే మూడో స్థానం ఇస్తాను" అంది. "నేనూ మూడేనండి" అన్నాను. అవతల ఆవిడ గొంతు ఎంత సంతోషపడిందో చెప్పలేను. "మా నాన్నగారు మొదటి పదిలోకే రానివ్వరండీ. ఆయన లెక్కలో పాతవాళ్ళే మనుషులు. ఇంట్లో నా పక్షాన ఒక్కరూ లేరు. మీరొచ్చినప్పుడు ఆ మాట ఆయనతో చెప్పాలి" అంది. చెబుతానన్నాను. నేను ఏ మాటకి చెప్పననేవాణ్ణి కనక?

చూపులకి ఇంకా మూడు వారాలుంది. భయంతో ఆ ఎడంచేతాయన ఆటలన్నీ మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్లో చూడ్డం మొదలుపెట్టాను. మొదట్లో దెబ్బ తగిలినప్పుడల్లా కళ్ళు మూసుకునేవాణ్ణి. రెండో వారానికి తెరిచే చూశాను. మూడో వారం పాతవాళ్ళ ఆటలు కూడా వెతుక్కుని చూసి, నాలో నేనే వాదించుకుని, క్యారేజీలో అన్నం చల్లారబెట్టుకున్నాను. అలా నా జీవితంలో మొదటిసారి నాకంటూ ఒక అభిప్రాయం పుట్టింది. పుట్టిందే గాని అది అటు ఆవిడ చెప్పింది కాదు, ఇటు మాస్టారిదీ కాదు. అలాంటి దాన్ని తీసుకెళ్ళి ఎవరికి చూపించాలో తెలియక లోపలే దాచుకున్నాను.

పెద్దమ్మతో కలిసి వాళ్ళింటికి వెళ్ళేసరికి వరండాలో గోడకి స్కూలు నల్లబల్ల ఒకటి వేలాడుతోంది. దాని మీద సుద్దతో ఒకటి నుంచి పది దాకా ఛాంపియన్ల జాబితా. పేర్లు కావవి, మాస్టారు పెట్టుకున్న ముద్దుపేర్లు: గడ్డంగారు, పీపాగారు, మెట్టవేదాంతంగారు. (ఎదటివాడి దవడ పగలగొట్టినవాడైనా సరే, మావైపు గారు తగిలించకపోతే తప్పు కదా.) పూతరేకులు పెట్టి, నేను ఒకటి నోట్లో పెట్టుకున్నాక మాస్టారు మొదలుపెట్టారు. "ఆ రోజుల్లో పదిహేను రౌండ్లండి బాబూ. నెల తిరక్కుండా మళ్ళీ రింగులో ఉండేవారు. ఇప్పటివాళ్ళు పన్నెండు రౌండ్లకే ఆయాసపడతారు, ఏడాదికి ఒకటో రెండో ఆడతారు, ఆడినవాటికి నాలుగు ఛాంపియన్ బెల్టులు. వీళ్ళని ఈ బల్ల మీదికి ఎలా ఎక్కిస్తామండి?" నోటినిండా పూతరేకు, ఎదురుగా పెద్దమనిషి. "అవునండి, ఎక్కించలేమండి" అనేశాను.

అదే సమయానికి కాఫీ గ్లాసులతో అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసులు టీపాయ్ మీద పెట్టి నా వంక చూసింది. కోపం ఉంటే బావుండేది, అది నిరాశ. "మరి ఫోన్లో మూడో స్థానమన్నారేంటండీ?" అంది మెల్లగా. మాస్టారు ఆవిణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశారు. మా పెద్దమ్మ అందుకుని, "కుర్రాడికి రెండు వైపులా తెలుసండి మాస్టారూ, అందుకే రెండూ అన్నాడు" అంది. మాస్టారు నవ్వలేదు. "అలా అందరికీ అవుననేవాడు రేపు మా అమ్మాయికి ఏం చెబుతాడో, ఊరికి ఏం చెబుతాడో మాకెలా తెలుస్తుందండి?" అని లేచి, సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. "మాకోసం వద్దు బాబూ. మీకేమనిపిస్తుందో అది రాయండి. రాయడానికేం లేకపోతే కాఫీ తాగి వెళ్దురుగాని."

బల్ల ముందు నిలబడ్డాను. మూడు అని రాస్తే ఆవిడ మనసు మెత్తబడొచ్చు, అసలు రాయకపోతే మాస్టారి గౌరవం నిలబడుతుంది. ఎటు చూసినా నాకు అలవాటైన దారే. కాని ఆ వాచిన ముక్కు నవ్వు గుర్తొచ్చి, ఆవిడకి ఇంకో అబద్ధం చెప్పడానికి నిజంగా సిగ్గేసింది. ఏడో అంకె ఎదురుగా ఉన్న పేరు చెరిపి, ఎడంచేతిగారు అని రాశాను. ఏడో ఆయన్ని ఎనిమిదికీ, ఎనిమిదాయన్ని తొమ్మిదికీ దించుకుంటూ వచ్చేసరికి పదో స్థానంలో ఉన్న గడ్డంగారికి చోటు లేకుండా పోయింది.

"గడ్డంగారు ఎక్కడికెళ్తారండి?" అన్నారు మాస్టారు. ఆయన కుర్రతనంలో బాక్సింగ్ మొదలుపెట్టిందే ఆ గడ్డంగారి బొమ్మ చూసిట. ఆయన వైపు తిరిగి చెప్పాను. "క్షమించండి మాస్టారూ. ఈ ఎడంచేతాయన తనకంటే బరువైనవాళ్ళని వాళ్ళ ఊళ్ళకే వెళ్ళి, వాళ్ళ జనం ముందే ఓడించాడండి. గడ్డంగారు సొంతూరు దాటి ఆడింది తక్కువ." తర్వాత ఆవిడ వైపు తిరిగాను. "మూడు మాత్రం ఇవ్వలేనండి. ఆ పై ఆరుగురూ ఆడినన్ని ఆటలు ఈయన ఆడలేదు. ఫోన్లో నేను చెప్పింది అబద్ధం. అప్పటికి నేనొక్క ఆటా చూడలేదు."

మాస్టారు గడ్డంగారి పేరున్న చోటికేసి చూస్తూ ఉండిపోయారు. అమ్మాయి ఎవరూ ముట్టని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా పెద్దమ్మ చెప్పులు వెతుక్కుంది. బస్సులో దారంతా, "ఇద్దరున్నారు కదరా, ఒక్కరినైనా మంచి చేసుకోకపోయావా?" అని తిడుతూనే ఉంది. నాకు మాత్రం దుఃఖంతో పాటు ఏదో తేలిగ్గా కూడా ఉంది. ఆ తేలికదనం రెండు రోజులుండి, మూడో రోజుకి వట్టి దుఃఖమే మిగిలింది.

నాలుగో రోజు ఆఫీసు ఫోన్ మోగింది. మొక్కల కోసమనుకుని ఎత్తితే ఆవిడ. "ఏడు తప్పండీ" అంది, పలకరింపు కూడా లేకుండా. "నాన్నగారూ అదే అంటున్నారు. ఇన్నాళ్ళకి మేమిద్దరం ఒక మాట మీదున్నాం. ఆదివారం పొద్దున్నే, ఆరాధనకి ముందు టీవీలో ఎడంచేతాయన ఫైటుంది. వచ్చి మాతో కూర్చుని చూడండి. అయినా ఏడే అంటారేమో విందాం." "వస్తానండి" అన్నాను. "ఏడే అంటానండి" అని కూడా అన్నాను. ఆవిడ నవ్వింది. ఫోటోలో చూసిన నవ్వుకి శబ్దం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మాకో పాప. ఆ తర్వాత చాలామంది ఛాంపియన్లు వచ్చారు, వెళ్ళారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ జాబితా గురించి గంటలు గంటలు వాదిస్తాను, గొంతు కూడా పెంచుతాను. ఇప్పుడు అదేమంత కష్టం కాదు, ఓడిపోతే పోయేదేమీ లేదు. కాని కావాలనుకున్న మనిషి ఎదురుగా నిలబడి చూస్తుంటే, ఆవిడ దక్కదని తెలిసీ ఏడు అని రాసిన ఆ కుర్రాడు తలపుకొచ్చినప్పుడు నవ్వొస్తుంది. వాడంటే కొంచెం అసూయ కూడా.