తాబేలు పాఠంలో అన్నయ్య

సరళకుమారి ద్వారకలోని ఒక బడిలో ఏడో తరగతికి సైన్సు చెబుతుంది. ఆమెది ఉప్పాడ జాలరి కుటుంబమని అక్కడెవరికీ తెలియదు. ఒకరోజు వలలో చిక్కి చనిపోయిన సముద్రపు తాబేలు ఫొటో చూపించగానే పిల్లలు మండిపడ్డారు.

"జాలర్లందర్నీ జైల్లో పెట్టాలి మేడమ్!" అంది ఆరాధన హిందీలో.

సరళకుమారి ఫొటో పక్కన పెట్టింది. ఈ పాఠాన్ని ఇక్కడితో వదిలిపెట్టకూడదని నిశ్చయించుకుంది. సిలబస్ వెనకబడుతుందని సూపర్‌వైజర్ సణిగినా, పట్టుబట్టి ఇంకో పీరియడ్ తీసుకుంది.

మర్నాడు క్లాసులోనే ఉప్పాడకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "ఈయన మా అన్నయ్య నోవహు. చేపలు పడతాడు." పిల్లలు తెల్లబోయారు. తాబేలు వలలో పడితే ఏం చేస్తారని ఆమె అన్నయ్యను అడిగింది.

"తాబేలు పడితే మాకూ ఉసూరుమంటాదమ్మా," అన్నాడు నోవహు. "వల కోసి వదిలేత్తాం. మరి వల బాగయ్యేదాకా వేటుండదు. ఇంట్లో పొయ్యి ఎలగాలి గదా?"

ఆమె ఆ మాటల్ని హిందీలో చెప్పింది.

ఆరాధన చెయ్యెత్తింది. "తాబేలు అందరిదీ అయినప్పుడు, నష్టం అంకుల్ ఒక్కరిదేనా?"

"జవాబు నాకూ పూర్తిగా తెలియదు. అందరం కలిసి వెతుకుదాం," అంది సరళకుమారి.

ఆ వారమంతా పిల్లలు ఆ నష్టం ఎవరు భరించాలని రెండు జట్లుగా వాదించుకున్నారు, ఒక మాట మీదికి రాలేదు. ఆమె తొందరపెట్టలేదు. అప్పటినుంచి ఏటా ఈ పాఠం ఇలాగే చెబుతోంది.